బిళ్ల వేసిన చెయ్యి

అత్తగారు పెట్టెలోంచి చొక్కాలు తీసేస్తోంది. కొడుకు మళ్లీ పెడుతున్నాడు. ఈ తియ్యడం, పెట్టడం పొద్దున్న పదింటి నుంచీ నడుస్తోంది.

"చొక్కా ఇవ్వమ్మా."

"ఇవ్వను."

"నలిగిపోతోంది."

"నలగనీ. నలిగిన చొక్కాతో కొత్త చోట ఎలా తలెత్తుకు తిరుగుతావో నేనూ చూస్తా."

గుమ్మంలో నిలబడ్డ కోడలికి మరో రోజైతే నవ్వాగేది కాదు. ఇవాళ నవ్వు ఎక్కణ్ణించి వస్తుంది! నాలుగు రోజులుగా మొగుడు తనతో ముక్క మాట్లాడలేదు. అన్నం పెడితే తింటున్నాడు, లైటార్పితే పడుకుంటున్నాడు. ఒంటిగంటన్నరకి కంపెనీ జీపు వస్తుంది. ఎక్కాడంటే రెండేళ్లు. రెండు రోజుల రైలు ప్రయాణం అవతల, బావులు తవ్వే రిగ్గు ఎక్కడికి పోతే అక్కడికి.

అతను ఆ రిగ్గు మీద ఫోర్‌మన్. ఏడో నంబరు గ్యాసు బావిని ఆర్నెల్లు దగ్గరుండి తవ్వించినవాడు. ఆ బావి సత్తా ఎంతో తేల్చే ఇంజనీరు ఆమె. బావిని నాలుగుసార్లు, నాలుగు వెడల్పుల్లో తెరిచి, ప్రతిసారీ ప్రెషరు నిలకడకొచ్చేదాకా గేజి ముందు కూర్చుని, ఎంత వస్తోందో ఎంత పడిపోతోందో రాసుకుని, పూర్తిగా వదిలితే రోజుకి ఎంత ఇవ్వగలదో లెక్క కట్టింది. కట్టి, చాలదు అని రాసింది. చాలని బావికి పైపులైను వెయ్యరు. సిమెంటు పోసి నోరు మూసేస్తారు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి ఆ పని పెట్టుకున్నారు.

మొగుడు తవ్విన బావిని పెళ్లాం ఫెయిల్ చేసిందని కాలనీ అంతా నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు. అతని మంట అది కాదు.

"మీటింగులో నలుగురి మధ్యా వినాల్సొచ్చింది," అన్నాడతను, చొక్కా మడతపెడుతూ, గోడతో చెప్పినట్టు. "ముందురోజు పక్కనే కూర్చుని భోంచేసింది. ఒక్క మాట అనలేదు."

నాలుగు రోజుల తర్వాత తనకి తగిలేలా అన్న మొదటి మాట. కోడలు వదల్లేదు.

"రిపోర్టు ఇంట్లో చదివి వినిపించేది కాదు."

"చదవమన్నానా? 'రేపు కాస్త మనసు గట్టి చేసుకో' అనడానికి కూడా కంపెనీ పర్మిషన్ కావాలా నీకు?"

"అంటే, ఎందుకని అడిగేవాడివి. చెప్తే, లెక్క ఇంకోసారి చూడమనేవాడివి. చూస్తే..."

"చూస్తే ఏంటి? మార్చమనేవాణ్ణనా?"

ఆమె చూపు పెట్టె మీదికి తిప్పుకుంది. అదే జవాబైపోయింది.

"బావుంది. ఆరేళ్ల కాపురం చేసి ఇదన్నమాట నా గురించి నువ్వు తెలుసుకున్నది," అన్నాడు. పెట్టె మూత దబ్బున వేశాడు.

అత్తగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆ బావి సంగతేమో గానీ, ఇప్పుడు ఇక్కడ అగ్గిపుల్ల గీస్తే ఇల్లు లేచిపోతుంది," అని, పెట్టె మూత మళ్లీ తెరిచి, ఉన్న చొక్కాలన్నీ ఒక్క చంకలో ఇరికించుకుని పెరట్లోకి నడిచింది. నిమిషంలో బకెట్లో నీళ్లు పడ్డ చప్పుడు. చొక్కాలన్నీ నానబెట్టేసింది మహాతల్లి!

"అమ్మా!" అని కేకపెట్టాడు కొడుకు.

"తడివే సర్దుకుని పో!" అని పెరట్లోంచి సమాధానం.

కోడలు ముందు గదిలోకి వచ్చేసింది. కుర్చీలో కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. బల్ల మీద కాగితాలు పొద్దున్న పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. వాటి వంక చూడాలంటే భయంగా ఉంది. చూడకుండా ఉండాలంటే అంతకన్నా భయంగా ఉంది.

పొద్దున్నే లేచి, ఏమీ తోచక, ఏడో బావి లెక్క ఇంకో దారిలో కట్టి చూసింది. గ్యాసుని కొలిచేది మీటరు. కానీ బావి నోటి దగ్గర దారిని ఇరుకు చేసే చోకు ఒకటి ఉంటుంది. దాని వెడల్పుని బట్టి, ప్రెషరుని బట్టి కూడా ఎంత గ్యాసు వస్తోందో ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. మోటు అంచనా, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ అంచనా కన్నా మీటరు లెక్క తక్కువ వచ్చింది. వస్తే వచ్చింది, నాలుగుసార్లూ ఒకే పాళ్లలో తక్కువ వచ్చింది. పదికి ఎనిమిది, పదికి ఎనిమిది, పదికి ఎనిమిది, పదికి ఎనిమిది.

బావి నీరసంగా ఉంటే ఒక్కో వెడల్పు దగ్గర ఒక్కోలా నీరసపడుతుంది. ఇలా త్రాసులో తూచినట్టు నీరసపడదు. నీరసం బావిది కాదు, మీటరుది.

మీటరు గొట్టంలో అడ్డంగా ఒక ఉక్కు బిళ్ల పెడతారు. బిళ్ల మధ్యలో చిల్లు. ఆ చిల్లు దాటడానికి గ్యాసు ఎంత అవస్థ పడిందో చూసి మీటరు లెక్క చెబుతుంది. చిల్లు అంచు ఒకవైపు కత్తిలా పదునుగా ఉంటుంది, రెండోవైపు వాలుగా చెక్కి ఉంటుంది. పదునువైపు వచ్చే గ్యాసుకి ఎదురుగా ఉండాలి. తిరగేసి పెట్టారో, గ్యాసు అవస్థ పడకుండా జారిపోతుంది. వెళ్లేది పదైతే మీటరు ఎనిమిదే చూపిస్తుంది.

ఆ బిళ్ల వేసింది మామగారు.

ముప్పై నాలుగేళ్ల ఫిట్టరు ఆయన. ఇంకో ఇరవై రోజుల్లో రిటైరవుతున్నాడు. కొత్తగా చేరినవాళ్లకి బిళ్ల వెయ్యడం నేర్పాలంటే ఆయన పక్కనే నిలబెడతారు. ఆయన వేసిన బిళ్ల ఈ ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారీ తిరగబడలేదు.

బిళ్లని గొట్టంలోకి తోసే ముందు ఇద్దరు చూడాలని రూలు. వేసినవాళ్ల సంతకం ఒకటి, చూసినవాళ్ల సంతకం ఒకటి. ఆ కాగితం కూడా బల్ల మీదే ఉంది. చూసినవాళ్ల గడిలో ఆమె సంతకమే, ముచ్చటగా, పొందిగ్గా ఉంది. ఆమె చూడలేదు. వేరే ఏ ఫిట్టరునైనా "ఏదీ, ఇటు తిప్పి చూపించు" అని నిలదీసేది. మామగారిని ఎలా నిలదీస్తుంది? ఆయన బిళ్ల చేతిలోకి తీసుకోగానే అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంట్లో ఆయన ఎదురొస్తే పక్కకి తప్పుకున్నట్టే.

టెస్టు అవగానే గొట్టాలు విప్పేశారు. బిళ్ల కడిగి పెట్టెలో సర్దేశారు. ఇప్పుడు వెళ్లి చూద్దామన్నా అక్కడ ఏమీ లేదు.

ఫోను తీసి పెద్ద ఇంజనీరుకి చేసింది. ఆయన అంతా విన్నాడు. మంచివాడే.

"చోకు లెక్క ఉజ్జాయింపమ్మా. మీటరు లెక్క లెక్క. ఉజ్జాయింపు పట్టుకుని సిమెంటు ఆపమంటే పైవాళ్లు నన్ను ఆపేస్తారు."

"తప్పు నాది సార్. నేను చూడకుండా సంతకం పెట్టాను. అదే రాసిస్తాను. ఉద్యోగం తీసేసినా సరే, మళ్లీ టెస్టు పెట్టించండి."

"చూడలేదని రాసిస్తావు. బానే ఉంది. చూడనిదానివి, తిరగబడిందని ఎలా చెప్తావు?"

ఆమె బల్ల మీది తన సంతకం వంక చూసింది.

"తిరగబడిన బిళ్లని కళ్లారా చూసినవాళ్లెవరైనా చెప్పాలి. ఒక్క మాట చాలు, ఆపేస్తాను. మీ మామగారిని అడుగు. రెండింటిలోపు చెయ్యి, ఈ నంబరుకే."

గోడ గడియారంలో పన్నెండూ నలభై.

పెరట్లో మామగారు కుళాయి విప్పి కూర్చున్నాడు. నాలుగు రోజులుగా ఆయన ఇంట్లో బాగున్నవన్నీ బాగుచేస్తున్నాడు. మొన్న తలుపు గడియ, నిన్న ఇస్త్రీపెట్టె వైరు, ఇవాళ కుళాయి. నాలుగడుగుల దూరంలో అత్తగారు రాతి మీద కొడుకు చొక్కాల్ని ఉతుకుతోంది. ఉతకడం ఏమిటి, కసి తీర్చుకుంటోంది.

"మామయ్యా, ఒక మాట అడగాలి."

"కుళాయి గురించైతే అడుగు. ఉద్యోగం గురించైతే నేను సెలవులో ఉన్నా."

"ఏడో బావిలో బిళ్ల ఎటు తిరిగి ఉంది?"

ఆయన చేతిలో పానా ఆగింది. మళ్లీ తిరిగింది.

"ఎటు ఉండాలో అటే ఉంది. నువ్వూ సంతకం పెట్టావుగా?"

"నేను చూడలేదు."

"ఏంటీ?"

"చూడలేదు మామయ్యా. మీరు వేస్తున్నారని చూడలేదు. మిమ్మల్ని అడగడానికి మొహమాటపడ్డాను."

మామగారికి చర్రున కోపం వచ్చింది. "చూడకుండా సంతకం పెడతావా? సంతకమంటే ఏమనుకున్నావు, గోరింటాకనుకున్నావా? నేనైతే ఏంటి, నా తాతైతే ఏంటి! ఆడపిల్లకి ఇంత చదువుందని, ఇంజనీరు కోడలని నేను షాపుల వెంట చెప్పుకు తిరుగుతుంటే..."

"తిట్టండి. ఎంతసేపైనా పడతాను. కానీ నాలుగుసార్లూ ఒకే పాళ్లలో తక్కువొచ్చింది. పదికి ఎనిమిది. మీకు తెలీదా, పదికి ఎనిమిది ఎప్పుడొస్తుందో?"

ఆయనకి తెలుసు. ఆయనకి కాక ఇంకెవరికి తెలుస్తుంది? తిట్టడం మానేసి కుళాయి వంక చూస్తూ కూర్చున్నాడు. అత్తగారి చేతిలో చొక్కా రాతి మీద అలాగే ఉండిపోయింది.

"సరిచేసి కడితే బావి గట్టెక్కుతుందా?" అన్నాడు.

"అత్తెసరుగా కాదు. దర్జాగా గట్టెక్కుతుంది."

"అలాగా."

పక్కింట్లో ఎవరో రేడియో పెట్టారు, తీసేశారు. అడగొద్దు, అడిగితే బిగుసుకుపోతాడు, అని కోడలు పెదవి కొరుక్కుని నిలబడింది.

"బిళ్ల పిడి మీద చిల్లు కొలత అంకె కొడతారు," అన్నాడాయన. "అంకె ఉన్నవైపే పదునువైపు. చేరిన రోజు నుంచీ అంతే. నేను చూడనమ్మా. బొటనవేలితో అంకె తడుముతాను, తోసేస్తాను. కళ్లు మూసుకుని వేస్తాడని పేరు నాకు. అది గొప్పనుకున్నాను." పానా కింద పెట్టాడు. "ఇది కొత్త వర్క్‌షాపులో కోయించిన బిళ్ల. అంకె రెండోవైపు కొట్టి తగలేశారు."

"మీకెప్పుడు తెలిసింది?"

"బయటికి తీసేటప్పుడు. అప్పుడు చూశాను. చిల్లు అంచు తడిమితే, వాలు రావాల్సినచోట వేలు తెగింది."

అంటే మొదటి రోజు నుంచీ! రిపోర్టు రాయకముందు నుంచీ! కొడుకు అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నప్పుడు, తను రాత్రంతా గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు, ఈయనకి తెలుసు. కోడలికి ఏడుపు, కోపం ఒకేసారి ముంచుకొచ్చాయి.

"ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. బావి ఎలాగూ అంతంతమాత్రమే అయ్యుంటుంది, చెప్పినా ఒరిగేదేముందిలే అని కూడా అనుకున్నాను. ఇరవై రోజులు. ఇరవై రోజులు గడిచిపోతే, తప్పు వెయ్యని చెయ్యి అని చెప్పుకుంటూ పోయేవాణ్ణి." తల అడ్డంగా ఊపాడు. "సిగ్గు పడ్డానమ్మా. పిల్లలు నవ్వుతారని సిగ్గు పడ్డాను."

అత్తగారు ఈ మాటలన్నీ విన్నది. నలభై ఏళ్లలో ఆవిడ మొగుడి మాటకి పిల్లల ముందు ఎదురు చెప్పి ఎరగదు. ఎన్ని గొడవలున్నా తలుపు వేసుకుని తేల్చుకునే మనిషి. చొక్కా పిండి తీగ మీద ఆరేసింది, ఇంకోటి తీసుకుంది.

"ఫోను కలుపు," అన్నాడు మామగారు. "చెప్పేస్తాను."

కోడలు నంబరు నొక్కింది. అవతల మోగుతోంది. ఒకసారి, రెండుసార్లు. సరిగ్గా అప్పుడే వీధిలో జీపు హారన్ మోగింది. ఇంకా ఒంటిగంటా పదే, పావుగంట పైగా ముందొచ్చింది దిక్కుమాలిన జీపు!

పెట్టె పట్టుకుని కొడుకు పెరటి గుమ్మంలోకి వచ్చాడు. తండ్రిని చూశాడు. మనిషి కాస్త మెత్తబడ్డాడు.

"వెళ్లొస్తా నాన్నా."

"అదేంట్రా, అప్పుడే..."

"రైలు వేళ మార్చారట." పెట్టె కింద పెట్టి, తండ్రి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఒక్కటే చెప్పి పోతాను. నా కుర్రాళ్లంతా గొడవ చేశారు. ఆ కొలత తప్పు, బావి మంచిది, మళ్లీ టెస్టు అడుగు అన్నారు. నాకూ అలాగే అనిపించింది. తవ్వినవాడికి తెలుస్తుంది కదా. వేరే ఎవడు బిళ్ల వేసినా ఆఫీసు ముందు కూర్చుని మళ్లీ చేయించేవాణ్ణి. నువ్వు వేశావని నోరు మూసుకున్నాను. నాన్న వేశాడంటే అది అంతే, అన్నాను వాళ్లతో. నలభై మంది ఇంకో మాట అనలేదు."

"హలో," అంది ఫోనులో గొంతు. "హలో, చెప్పమ్మా."

కోడలు ఫోను మామగారికి అందించింది. ఆయన చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు కొడుకు మీదే ఉన్నాయి.

"ఫిట్టరు గారా? అమ్మాయి ఏదో అంటోంది. బిళ్ల తిరగబడిందా? మీరు చూశారా?" పెద్ద ఇంజనీరు గొంతు పెరడంతా వినిపిస్తోంది.

మామగారు నోరు తెరిచాడు. మూశాడు. కొడుకు మొహంలో అయోమయం మొదలైంది. అది ఇంకోలా మారకముందే ఆయన గబుక్కున అనేశాడు.

"లేదు సార్. సరిగ్గానే వేశాను."

"ఖాయమేనా?"

"ముప్పై నాలుగేళ్లు సార్."

"సరే. అమ్మాయికి చెప్పండి, బాధపడొద్దని." ఫోను పెట్టేశాడు.

కొడుకు మెల్లగా లేచి పెళ్లాం వైపు తిరిగాడు.

"ఏంటిది? బిళ్ల తిరగబడిందని నాన్న మీద చెప్పావా?"

"నేను చెప్పడం కాదు. ఇప్పుడే, ఇక్కడే, మామయ్యే..."

"నీ లెక్క తప్పయితే తప్పని ఒప్పుకో. అంతేగానీ ఆఖరికి నాన్న నెత్తిన పెడతావా? ఇరవై రోజుల్లో రిటైరయ్యే మనిషి నెత్తిన?"

"మామయ్యా, చెప్పండి!" ఆమె అరిచింది. "వేలు తెగిందన్నారు. సిగ్గు పడ్డానన్నారు. చెప్పండి!"

మామగారు వంగి పానా వెతుక్కుంటున్నాడు. పానా ఆయన మోకాలి పక్కనే ఉంది.

"జీపువాడు అరుస్తున్నాడు," అన్నాడు తల ఎత్తకుండా. "బయల్దేరు నాయనా."

కొడుకు పెట్టె అందుకున్నాడు. పెళ్లాం వంక ఒక చూపు చూశాడు. నాలుగు రోజుల అలకలో కూడా అలాంటి చూపు చూడలేదు. ఆ చూపులో కోపం లేదు, తెగతెంపులు చేసుకున్న తీరు ఉంది. గుమ్మం వైపు రెండడుగులు వేశాడు.

"మీ నాన్న అబద్ధం చెప్పాడు."

కోడలు ఉలిక్కిపడింది. ఆ మాట తను అనలేదు.

అత్తగారు బకెట్ దగ్గర లేచి నిలబడి ఉంది. మోచేతుల దాకా సబ్బు నురగ. గొంతు పెద్దగా లేదు, వణకడమూ లేదు.

"అమ్మా?" అన్నాడు కొడుకు.

"నేను ఇక్కడే ఉన్నాను. నా చెవులతో విన్నాను. ఆ పిల్ల అన్నది నిజం."

వీధిలో హారన్ ఆగకుండా మోగుతోంది. అత్తగారు కోడలి దగ్గరకొచ్చి చెయ్యి చాచింది.

"కలుపు మళ్లీ."

కోడలు నొక్కి ఇచ్చింది. అత్తగారు ఆ నురగ చేతితోనే ఫోను తీసుకుని, మొగుడి ముందు నేల మీద చతికిలబడి కూర్చుని, ఫోను ఆయన చెవికి ఆనించి పట్టుకుంది. రెండో చేత్తో ఆయన గడ్డం పట్టి మొహం కొడుకు వైపు తిప్పింది.

"హలో," అంది అవతలి గొంతు. "మళ్లీ ఏంటండీ? సిమెంటు లారీ గేటు దాటింది. హలో... ఎవరు మాట్లాడేది?"

మామగారు కొడుకుని చూస్తున్నాడు. కొడుకు పెట్టె ఇంకా చేతిలోనే ఉంది.